పెట్రోల్ బండి, డీజిల్ ఇంజన్: తొమ్మిదో నంబర్ రోడ్డు కథ

1955లో బ్రిటన్‌కు చెందిన ఎంజీ కంపెనీ ‘ఎంజీఏ’ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారును బజారులోకి తెచ్చింది. దాని బానెట్ కింద ఉన్నది 1,489 సీసీ ఇంజన్, బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బి-సిరీస్. నాలుగేళ్లు తిరిగేసరికి అదే 1,489 సీసీ బి-సిరీస్ ఇంజన్ కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారయ్యే అంబాసిడర్‌లోకి వచ్చింది. రెండు కార్బురేటర్లతో ఎంజీఏలో డెబ్బై హార్స్‌పవర్ దాకా ఇచ్చిన ఇంజన్, ఒకే కార్బురేటర్‌తో అంబాసిడర్‌లో యాభై పైచిలుకుతో సరిపెట్టుకుంది. అయినా వంశం ఒక్కటే. పెళ్లి బేరాల కోసం సూర్యాపేట బస్టాండు దగ్గర వరసగా నిలబడే తెల్ల అంబాసిడర్లకు అలా ఒక స్పోర్ట్స్ కారుతో చుట్టరికం ఉండేది.

ఆ చుట్టరికాన్ని ఇక్కడ ఎవరూ పట్టించుకోలేదు. రెండో కార్బురేటర్ బిగించి బండిని ఉరికిద్దామని ట్యాక్సీ ఓనర్లు అనుకోలేదు. ఉన్న పెట్రోల్ ఇంజన్‌ను దించేసి, నలభై హార్స్‌పవర్ కూడా నిండుగా రాని డీజిల్ ఇంజన్‌ను ఎక్కించుకున్నారు.

పాత కారులో కొత్త ఇంజన్ దించే పని ప్రపంచంలో చాలాచోట్ల వేగం మీద మోజుతో మొదలైంది. హైదరాబాద్–విజయవాడ తొమ్మిదో నంబర్ రోడ్డు మీదున్న సూర్యాపేట, కోదాడలకు, ఆ పక్కనున్న మిర్యాలగూడకు వచ్చేసరికి దాని వెనక ఉన్నది కిలోమీటరుకు ఎంత పడుతుందన్న లెక్క. చేసే పని మాత్రం రెండుచోట్లా అదే. చాసిస్ ఉంచాలి, ఇంజన్ మార్చాలి, మధ్యలో అతకనివన్నీ అతికించాలి.

ఈ రోడ్డు మీద మోటారు బండ్ల చరిత్రను 1932 నుంచి చెప్పుకోవచ్చు. ఆ ఏడాది జూన్‌లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. స్కాట్లండ్‌లో తయారైన ఆల్బియన్ బస్సులవి. మొదటి మూడు డిపోలు కాచిగూడ, ఖాజీపేట, నార్కట్‌పల్లి. నార్కట్‌పల్లి దగ్గరే దారి రెండుగా చీలుతుంది. తిన్నగా పోతే సూర్యాపేట, కోదాడ మీదుగా బెజవాడ. కుడికి తిరిగితే నల్లగొండ, మిర్యాలగూడ మీదుగా కృష్ణ దాటి అద్దంకి. ఇక్కడ మోటారు పని నేర్చుకున్న మొదటి తరాలకు ఈ రెండు దార్లే బడి.

1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సంస్థానం మీద పోలీస్ చర్య మొదలైనప్పుడు భారత సైన్యంలోని ఒక దళం బెజవాడ వైపు నుంచి ఇదే రోడ్డు పట్టుకుని వచ్చింది. మొదటి రోజే కోదాడ చేరింది. హైదరాబాద్ సంస్థాన బలగాలు హంబర్, స్టాగ్‌హౌండ్ సాయుధ శకటాలతో అడ్డుకున్నాయి. వెనక్కి తగ్గుతూ సూర్యాపేట దగ్గర మూసీ మీది వంతెనను పేల్చేశాయి. యుద్ధ బండి, సరుకు బండి, ఎడ్ల బండి అన్నీ ఒకే దుమ్ములో నడిచిన కాలమది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కర్లేని జీపులు, ఫోర్డు, షెవర్లే లారీలు దేశమంతటా డిస్పోజల్ వేలాల్లో అమ్ముడుపోయాయి. పాత లారీ వ్యాపారాలు చాలా వాటితోనే మొదలయ్యాయి. అవన్నీ పెట్రోల్ బండ్లే, తాగుడులో ఒకదాన్ని మించినది ఇంకొకటి. సైన్యానికి చమురు లెక్క ఉండదు. ధాన్యం బస్తాకు ఇన్ని అణాలని కిరాయి మాట్లాడుకున్నవాడికి అదే లెక్క బతుకూ చావూ అవుతుంది.

దీనికి విరుగుడు ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో నుంచి వచ్చింది. ఫ్రాంక్ పెర్కిన్స్ 1932లో అక్కడ పెట్టిన కంపెనీ, ఆ దశాబ్దం చివరికి ‘పి6’ అనే ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను తయారు చేసింది. వేగంగా తిరిగే డీజిల్ ఇంజన్, పైగా పెట్రోల్ లారీ బానెట్ కింద పట్టేంత కుదురైనది. పాత పెట్రోల్ లారీల్లో దీన్ని దించుకోవడం బ్రిటన్‌లోనే పెద్ద వ్యాపారమైంది. ఇక్కడ మద్రాసు సింప్సన్ కంపెనీ 1950ల్లో పెర్కిన్స్ ఇంజన్ల తయారీ చేపట్టింది. బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన డాడ్జ్, ఫార్గో లారీల్లోకీ ఈ ఇంజనే వచ్చింది. అమెరికా లారీ, ఇంగ్లండ్ ఇంజన్, మద్రాసు పోత. సూర్యాపేట మీదుగా బెజవాడకు పోయే లారీల్లో ఇలాంటి కలగాపులగం బండ్లు చాలాకాలం తిరిగాయి.

1954లో టాటాలు డైమ్లర్-బెంజ్‌తో చేతులు కలిపి జంషెడ్‌పూర్‌లో మెర్సిడిస్ డీజిల్ లారీలు మొదలుపెట్టారు. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ వచ్చింది. కొత్త లారీ కొనగలిగినవాడికి ఇంజన్ మార్పిడి అవసరం తీరింది. కొనలేనివాడికి తీరలేదు. ఆ రెండో రకం మనుషులే ఎక్కువ కాబట్టి ఇంజన్ మార్చే షెడ్లు నిలిచాయి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో షెడ్లు ఎందుకు పెరిగాయో తెలియాలంటే నీళ్ల దగ్గరికి వెళ్లాలి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ లాల్‌బహదూర్ కాలువగా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడుపుతూ ఖమ్మం, కృష్ణా జిల్లాలకు పోయింది. జొన్న, ఆముదం పండిన చెలకల్లో వరి నిలబడింది. వరి వెంట రైస్ మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ పేరు చెబితే మిల్లులు గుర్తొచ్చేంతగా వచ్చాయి. మిల్లుల వెంట లారీలు, లారీల వెంట లేత్ షాపులు, కమాన్‌కట్టల దుకాణాలు, రేడియేటర్ పనివాళ్లు, వెల్డింగ్ షెడ్లు. మట్టంపల్లి, మేళ్లచెర్వు వైపు సున్నపురాయి ఉండటంతో సిమెంటు కర్మాగారాలు లేచి, కోదాడ దారిలో లోడు ఇంకా పెరిగింది. పెద్ద పనైతే విజయవాడ ఆటోనగర్‌కో హైదరాబాద్‌కో పోయేవారు. బండి దారిలో ఆగిపోతే మాత్రం పని ఇక్కడే తెగాలి.

1973 చివర్లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గరున్న ముడి చమురు కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దగ్గరికి చేరింది. మన దేశంలో పెట్రోల్‌ను ఉన్నవాళ్ల సరుకుగా చూసి పన్ను మోపారు. బస్సు, లారీ, ట్రాక్టర్ నడిచే డీజిల్‌ను అంతకంటే చవగ్గా ఉంచారు. ఈ తేడా దశాబ్దాల పాటు సాగింది. డీజిల్ ధర తక్కువ, పైగా అదే లీటరుకు ఎక్కువ దూరం వస్తుంది. ఇక పెట్రోల్ జీపును, పెట్రోల్ అంబాసిడర్‌ను అలాగే నడుపుకునే ట్యాక్సీవాడు ఎందుకుంటాడు?

మొదటి దెబ్బ జీపుకు తగిలింది. మహీంద్రా వాళ్లు 1940ల చివరి నుంచి అమెరికా విల్లీస్ జీపును ఇక్కడ తయారు చేస్తున్నారు. దాని ఇంజన్ 2.2 లీటర్ల పెట్రోల్‌ది, మొండిది, దాహం ఎక్కువ. 1970ల్లో కంపెనీయే ఒక ఉపాయం చేసింది. ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి తాము తయారు చేస్తున్న ట్రాక్టర్‌లోని సుమారు 2,350 సీసీ డీజిల్ ఇంజన్‌ను జీపులో పెట్టింది. బలం నలభై హార్స్‌పవర్ దగ్గరే ఆగింది. చప్పుడు, అదురు ట్రాక్టర్‌వే. అయినా అమ్ముడుపోయింది. 1979లో ఫ్రాన్స్‌లోని ప్యూజోతో ఒప్పందం కుదిరి, 2,112 సీసీ ఎక్స్‌డీపీ 4.90 డీజిల్ ఇంజన్ వచ్చింది. అరవై హార్స్‌పవర్ పైన ఇచ్చే ఆ ఇంజన్ పేరు షెడ్ల దాకా వచ్చేసరికి ‘ప్యూజో’ కాస్తా ‘పీజో’, ‘పిజో’ అయింది.

కంపెనీ కొత్త జీపుకు చేసిన పనినే షెడ్డు పాత జీపుకు చేసింది. పాత ఇనుము బజారులో ప్రమాదానికి గురైన బండి ఇంజనో, తుక్కుకు పోయిన బండి ఇంజనో దొరుకుతుంది. దాన్ని విప్పి, బోరు కొట్టించి, పిస్టన్లూ రింగులూ బేరింగులూ మార్చి సిద్ధం చేస్తారు. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

వేప చెట్టు కొమ్మకో, ఇనుప దూలానికో కట్టిన చైన్ పుల్లీతో పాత ఇంజన్ పైకి లేస్తుంది. కొత్తది దిగుతుంది, కానీ కూర్చోదు. దాని కాళ్లు పడే చోట చాసిస్ మీద మౌంటింగులు లేవు. ఇనుప పట్టీ కోసి, వంచి, వెల్డింగ్ చేసి కొత్తవి పెట్టాలి. గేర్‌బాక్స్ పాతదే ఉంచుకుంటే ఇంజన్ వెనక బోల్టు రంధ్రాలకూ బెల్ హౌసింగ్ రంధ్రాలకూ పొంతన కుదరదు. మధ్యలో మందపాటి ఇనుప పలక ఒకటి కావాలి. ఒక వైపు ఇంజన్ రంధ్రాలు, మరో వైపు గేర్‌బాక్స్ రంధ్రాలు పడేలా దాన్ని లేత్ మీద తీస్తారు. ఉస్తాద్ పనితనమంతా ఆ పలకలోనే తెలుస్తుంది. క్రాంక్ నడిమీ గేర్‌బాక్స్ షాఫ్టు నడిమీ ఒకే గీత మీద ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా మొదట్లో తెలియదు. కొన్నాళ్లకు క్లచ్ వణుకుతుంది, ఫ్లైవీల్ మధ్యలోని బేరింగ్ కూస్తుంది, ఆఖరికి షాఫ్టు పళ్లు అరిగిపోతాయి.

తర్వాత చిల్లర పనులు, అవి తెమలవు. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి ముందు కమాన్‌కట్టలో అదనంగా ఒక పట్టీ వేయాలి. రేడియేటర్‌ను ముందుకు జరపాలి, లేదంటే ఫ్యాన్ తగులుతుంది. పెట్రోల్ ఇంజన్‌లో గాలిని ఏడెనిమిదో వంతుకు నొక్కితే చాలు, నిప్పురవ్వ ప్లగ్గు ఇస్తుంది. ఇందులో ప్లగ్గు లేదు. గాలిని ఇరవై రెండో వంతు దాకా నొక్కితేనే ఆ వేడికి డీజిల్ అంటుకుంటుంది. అంత ఒత్తిడికి ఎదురుగా ఇంజన్‌ను తిప్పాలంటే పాత బ్యాటరీ, పాత సెల్ఫ్ సరిపోవు. పొద్దున్నే హీటర్ వేడెక్కే దాకా ఆగాలి. ట్యాంకు నుంచి ఒక పైపు వస్తే చాలదు, నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్ వెనక్కి పోవడానికి ఇంకో పైపు వేయాలి. ఎక్కడ చిన్న లీకున్నా పంపులోకి గాలి చేరి బండి నిలబడిపోతుంది. అప్పుడు బోల్టు వదులు చేసి, చేతి పంపు కొడుతూ బుడగలు ఆగే దాకా గాలి తీయాలి. ఇంకో విచిత్రం కూడా ఉండేది. తాళం తిప్పేస్తే ఈ ఇంజన్ ఆగదు. డీజిల్‌ను కోసేసే తీగ ఒకటి డాష్‌బోర్డు దాకా లాగి, దానికో గుండీ పెట్టేవారు. బండి ఆపాలంటే దాన్ని లాగి పట్టుకోవాలి.

ఇంత చేశాక వేగం తగ్గేది. డీజిల్ ఇంజన్ పెట్రోల్ ఇంజన్ అంత గిరగిరా తిరగదు. వెనక హౌసింగ్‌లో క్రౌన్ పినియన్ పాతదే కాబట్టి టాప్ గేర్‌లో కూడా బండి ఒక స్థాయి దాటి పోదు. లోడు లాగడంలో మాత్రం లోటు ఉండేది కాదు. పది పదిహేను మందిని ఎక్కించుకుని ఊళ్ల మధ్య తిరిగే కమాండర్ జీపులకు, ట్రెక్కర్లకు కావలసింది అదే. హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల ట్రెక్కర్‌లో ఉన్నదీ అంబాసిడర్ ఇంజనే.

ఇంజన్ మారితే కాగితం మారాలి. సి-బుక్కులో చాసిస్ నంబర్, ఇంజన్ నంబర్ రెండూ ఉంటాయి. బండి మార్పుల గురించి రవాణా అధికారులకు చెప్పాలన్న నియమం 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. 1989 జూలై నుంచి అమల్లోకి వచ్చిన 1988 చట్టం 52వ సెక్షన్ కూడా, ఇంజన్ మారిస్తే పద్నాలుగు రోజుల్లో తెలియజేసి బుక్కులో రాయించుకోవాలంటుంది. అసలు ఇంజన్ బిల్లు కావాలి, అది ఏ బండిలోంచి వచ్చిందో ఆ బండి కాగితాలు కావాలి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి నంబర్ మీద గుడ్డతో తుడిచి చూస్తాడు. లేత్ మీద కుదిరిన పొంతన అక్కడ కుదరకపోతే బండి షెడ్డుకే తిరిగి రావాలి. దొంగ బండ్ల ఇంజన్లు ఇలాంటి మార్పిడిలో కలిసిపోతాయన్న అనుమానం పోలీసులకు ఎప్పుడూ ఉండేది, అది ఉత్త అనుమానమూ కాదు.

ఇదే పని వేగం కోసం చేసిన చోట ఏమైందో చూస్తే పోలికలు బాగానే కనిపిస్తాయి. బ్రిటన్‌లో ఏసీ అనే చిన్న కంపెనీ ‘ఏస్’ పేరుతో తేలికైన స్పోర్ట్స్ కారు తయారు చేసేది. దానికి ఇంజన్ ఇచ్చే బ్రిస్టల్ కంపెనీ 1961లో చేతులెత్తేసింది. టెక్సాస్‌కు చెందిన రేసర్ కారొల్ షెల్బీ ఆ సందు చూసి, 1962లో ఫోర్డు 4.3 లీటర్ల వి8 ఇంజన్‌ను అందులో దించాడు. అదే కోబ్రా. తర్వాతి ఏళ్లలో అది ఏడు లీటర్ల ఇంజన్ దాకా ఎదిగింది. అప్పుడు కూడా తంటా ఇంజన్‌తో కాదు, దాన్ని మోయాల్సిన చాసిస్‌తో వచ్చింది. పెద్ద ఇంజన్ కోసం చాసిస్ గొట్టాలను లావు చేయాల్సి వచ్చింది, సస్పెన్షన్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

ఎంజీ కథ షెడ్డుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. ఎంజీఏ తర్వాత 1962లో వచ్చిన ఎంజీబీలో రోవర్ 3.5 లీటర్ల వి8 ఇంజన్ పడుతుందని కెన్ కాస్టెల్లో అనే ఆయన తన వర్క్‌షాపులో చేసి చూపించాడు. కంపెనీ ఆలస్యంగా మేలుకుని 1973లో తన సొంత ఎంజీబీ జీటీ వి8ను తెచ్చింది. ఆ రోవర్ ఇంజన్ కూడా అమెరికాలో బ్యూయిక్ వాళ్లు వద్దనుకుని వదిలేసిన అల్యూమినియం ఇంజనే.

ట్రాక్టర్ ఇంజన్‌ను జీపులో పెట్టారని మహీంద్రాను చూసి నవ్వేవాళ్లు ట్రయంఫ్ టీఆర్2 చరిత్ర చదవాలి. 1953 నాటి ఆ స్పోర్ట్స్ కారులోని 1,991 సీసీ ఇంజన్, స్టాండర్డ్ వాన్‌గార్డ్ కారు ఇంజన్‌కు తమ్ముడు. అదే కుటుంబపు ఇంజన్ ఫెర్గూసన్ ట్రాక్టర్‌లో పొలాలు దున్నేది. ఆ కుటుంబం ఆఖరి ఆట మద్రాసులో ఆడింది. 1985లో స్టాండర్డ్ మోటార్స్ వాళ్లు బ్రిటన్ రోవర్ ఎస్‌డీ1 బాడీ తెచ్చి, ‘స్టాండర్డ్ 2000’ అనే ఖరీదైన కారు తయారు చేశారు. బ్రిటన్‌లో వి8 పెట్టి అమ్మిన ఆ బాడీలో ఇక్కడ పాత వాన్‌గార్డ్ వంశపు రెండు లీటర్ల ఇంజన్ పెట్టారు. బాడీ బరువుకు ఇంజన్ చాలలేదు, మైలేజీ రాలేదు, మూడేళ్లలో తయారీ ఆగిపోయింది. బలం తగ్గించిన మార్పిడి జీపులో గెలిచి, ఇక్కడ ఓడిపోవడానికి కారణం కొనేవాడు వేరు కావడమే. జీపు కొన్నవాడు డీజిల్ లెక్క చూసుకున్నాడు. స్టాండర్డ్ 2000 కొన్నవాడికి ఇటు పికప్పూ దక్కలేదు, అటు లెక్కా కుదరలేదు.

ఆ దశాబ్దంలోనే బలం పెంచిన మార్పిడి కూడా మన దేశంలో జరిగింది. 1984లో హిందుస్థాన్ మోటార్స్ వాక్సాల్ బాడీతో కాంటెస్సా తెచ్చి, అందులో అంబాసిడర్ 1,489 సీసీ ఇంజనే పెట్టింది. పొడవాటి ముక్కు, వెడల్పాటి ఒళ్లు, లోపల ట్యాక్సీ ఇంజన్. తర్వాత జపాన్ ఇసుజు నుంచి 1,817 సీసీ ఇంజన్, ఐదు గేర్ల పెట్టె తెచ్చి పెట్టాక ఆ కారు నిలదొక్కుకుంది. అదే ఇసుజు ఇంజన్ 1990ల మొదట్లో అంబాసిడర్‌లోకీ వచ్చింది, ఆ వెనకే ఇసుజు రెండు లీటర్ల డీజిల్ కూడా. అప్పటిదాకా పాత బీఎంసీ డీజిల్‌తో ఈడ్చుకుంటూ వచ్చిన ట్యాక్సీవాళ్లకు తక్కువ ఖర్చూ, మంచి పికప్పూ మొదటిసారి ఒకే బండిలో దొరికాయి. అంబాసిడర్ తయారీ 2014 మేలో ఆగింది.

ఆలోపే రోడ్డు మారింది. తొమ్మిదో నంబర్ జాతీయ రహదారి 65 అయింది, 2012 నాటికి నాలుగు వరసలైంది. కొర్లపహాడ్ దగ్గర టోల్‌గేట్ వచ్చింది. కొత్త కార్లు వంద మీద పోయే రోడ్డు మీద అతుకుల డీజిల్ జీపు ఎడమ అంచు పట్టుకుని పోవాల్సి వచ్చింది. కంప్యూటర్‌తో నడిచే ఇంజన్లు వచ్చాక ఒక బండి ఇంజన్ మరో బండిలో పెట్టడమంటే ఇనుప పలకతో తీరే పని కాకుండా పోయింది. వైర్లు, సెన్సర్లు, ఈసీయూ అన్నీ కలిసి మారాలి. ఎవరి మోజు వాళ్లది కాబట్టి, పాత జీపులో పెద్ద ఇంజన్ దించి గుట్టలెక్కించే కుర్రకారు ఇప్పటికీ ఉన్నారు.

వాళ్ల పనికి చట్టం దారి ఇవ్వదు. తయారీదారు చెప్పిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదన్న 52వ సెక్షన్‌ను, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరి 9న సుప్రీంకోర్టు గట్టిగా సమర్థించింది. అయితే ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. వేరే ఇంధనంతో నడిచేలా ఆమోదం పొందిన కిట్ బిగించుకోవచ్చు. గ్యాస్, సీఎన్‌జీ, బ్యాటరీ, సౌరశక్తి ఏదైనా సరే. 2018లో హైదరాబాద్ సంస్థ ఈ-ట్రియో, పాత మారుతి కార్ల ఇంజన్ తీసేసి మోటారు, బ్యాటరీ పెట్టే కిట్‌కు పుణెలోని వాహన పరీక్షా సంస్థ ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది. బలం కోసం చేసే మార్పిడిని కాదన్న చట్టం, ఈ రోడ్డు మీది షెడ్లు యాభై ఏళ్ల కిందట పెట్రోల్ దింపి డీజిల్ ఎక్కించినప్పుడు చూసుకున్న చమురు లెక్కకు మాత్రం కిట్ పేరుతో తలుపు తెరిచి ఉంచింది.